సోమలింగం అడిగిన లెన్స్

డిండోలి, సూరత్
జూన్ 9

మామకు సింధూజ దండాలు. ఊర్మిళ అత్తకు కూడా.

ఫోన్‌లో ఎంత అరిచినా నీకు వినపడదు. వాట్సాప్‌లో రాస్తే ఆ బుడ్డ అక్షరాలు ఎవడు చదువుతాడని తిడతావు. అందుకే ఎప్పటిలాగే కాగితం తీసుకున్నాను. గుజరాతీ మీడియంలో చదివిన నాకు తెలుగు రాయడం వచ్చిందంటే నీ ఉత్తరాల వల్లే కదా. నేను రాసిన ప్రతిదాన్నీ ఎర్ర ఇంకుతో దిద్ది, నీ జవాబుతో పాటు తిప్పి పంపేవాడివి. దీన్ని కూడా దిద్ది పంపు, కానీ ముందు నా కష్టం విను.

నీ స్టూడియోలో వెనక కట్టిన పరదా సంగతి. ఇరవై ఏళ్లుగా సిరిసిల్ల పిల్లలంతా ఆ రంగుల జలపాతం ముందే కూర్చుని ఫోటో దిగారు. పోయినేడు నేను వచ్చినప్పుడు ఆ జలపాతం నడుమ చిరిగిపోయి ఉంది, అత్త దానికి తెల్లదారంతో కుట్లు వేసింది. దాని బదులు అసలైన కొండలు పంపుతానని అప్పుడే మాటిచ్చాను. సాపుతారా కొండలు, వానాకాలంలో, ఎనిమిది అడుగుల వెడల్పున. నువ్వు ఇక్కడ లింబాయత్‌లో మరమగ్గాల సాంచలు నడిపిన పద్నాలుగేళ్లూ ప్రతి వానాకాలం "ఈ ఏడు తప్పక పోదాం" అని అమ్మతో అని, ఒక్క ఏడు కూడా పోని కొండలు. నీ చెవులు ఆ సాంచల చప్పుడుకు పోయాయి, కొండలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

నా దగ్గర పద్నాలుగు వేలు కూడాయి. మార్కెట్‌లో చీరల కేటలాగ్ కోసం రోజుకు వంద చీరలు ఫోటో తీసి కూడబెట్టినవి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ చీరలకు చాలు. దానితో కొండలు తీస్తే సగమే పడుతున్నాయి, ఆ సగాన్ని ఎనిమిది అడుగులకు సాగదీస్తే ద్రుశ్యం అంతా పొడిపొడి అవుతోంది. అందుకని వైడ్ లెన్స్ కొందామని. 10-18 కొత్తది నా చేతికి అందదు. ఆల్థాన్‌లో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన తను వాడినది పదమూడు వేలకు ఇస్తానంటున్నాడు. లేదంటే 50 ఫిక్స్‌డ్ లెన్స్ ఉంది, కొత్తదే తొమ్మిది వేల లోపు వస్తుంది. కానీ అది జూమ్ అవదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. ల్యాండ్‌స్కేప్‌కు అది దండగని యూట్యూబ్ మొత్తం ఒకటే మాట.

అమ్మనడిగితే ఏమందో తెలుసా? "ఉన్న కన్ను మంచిగనే ఉంది గద, దానికి ఇంకో కన్ను ఎందుకే?"

నువ్వే చెప్పు మామా. వానలు మొదలైతే నాకు రెండు మూడు నెలలే టైం.

సింధు


సిరిసిల్ల
జూన్ 24

కోడలు పిల్లకు ఆశీస్సులు.

పదమూడు వేలు పెట్టి వాడిన లెన్స్ కొంటావా? పెళ్లి వీడియోల వాడి దగ్గరా? ఆ లెన్స్ ఎన్ని పందిళ్లు చూసిందో, ఎన్నిసార్లు గులాబీ నీళ్లు తాగిందో! సరే, తిట్టడం అయిపోయింది, ఇక పనికొచ్చేది చెబుతాను.

లెన్స్‌ను బట్టలాగే చూడాలి. బట్టలు కొనే బేపారి వచ్చి తాకా చుట్ట విప్పితే మొదట ఎక్కడ చూస్తాడు? నడుమ చూడడు, నడుమ ఎవడు నేసినా బాగానే ఉంటుంది. కినారి చూస్తాడు. అంచు దగ్గర పోగులు నిలిచాయా, జారాయా అని. చవక లెన్సులు కూడా అంతే, నడుమ నవ్వుతాయి, మూలల్లో మొహం మాడుస్తాయి. మీ నాన్న పనిచేసే కార్ఖానాలో రెండు మీటర్ల గ్రే బట్ట, రంగు వేయనిది, అడుక్కో. గోడకు ముడతలు లేకుండా కొట్టి, కెమెరా ఎదురుగా తిన్నగా నిలిపి ఫోటో తీయి. కంప్యూటర్‌లో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడు. పోగులు లెక్కపెట్టగలిగితే కొను, లేకుంటే దండం పెట్టి లేచిరా.

ఇంకో మాట. మా ఎదురు దుకాణంలో వాచీలు బాగుచేసే సోమలింగం ఒక లెన్స్ పెట్టించుకోవాలి. ఒకసారి బిగిస్తే మళ్లీ తీయడం ఉండదట. దూరానికైనా పెట్టించుకోవాలి, దగ్గరికైనా పెట్టించుకోవాలి, ఏదో ఒకటే. రెండిటికీ పనికొచ్చేది ఉందట గానీ అతని తాహతుకు మించింది. అతను పొద్దంతా చేసేది దగ్గరి పని. మరి ఏది మంచిదంటావు? ఫోటోలు తీసేదానివి కాబట్టి నిన్నడగమన్నాడు. తొందరగా రాయి.

నీ ఉత్తరం దీనితోనే తిప్పి పంపుతున్నాను.

మీ మామ
మార్కండేయ


డిండోలి, సూరత్
జూలై 8

మామకు,

ముందు నాకు శుభాకాంక్షలు చెప్పు. నా ఉత్తరం మీద ఒక్క ఎర్ర గీత లేదు! పదిహేనేళ్లలో మొదటిసారి! అమ్మకు చూపిస్తే "పాసయినవా?" అంది. ఫస్ట్ క్లాస్‌లో అయ్యానని చెప్పాను.

ఇక ఆల్థాన్ కథ. నాన్న తెచ్చిన గ్రే బట్ట సంచిలో పెట్టుకుని, షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని పోయాను. ఆయన ఇంట్లో గోడకు బట్ట కొడుతుంటే కాసేపు చూసి, "బహెన్, లెన్స్ లేనా హై యా కప్డా బేచ్నా హై?" అన్నాడు, లెన్స్ కొనడానికి వచ్చావా, బట్ట అమ్మడానికా అని. రెండూ కాదు, మా మామ పరీక్ష పెట్టమన్నాడు అన్నాను. నడుమ పోగులు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఎడమ మూలల్లో కూడా సరే. కుడి మూలల్లో మాత్రం పోగులు కలిసిపోయి పేడ అలికినట్టుంది. లెన్స్ ఎప్పుడైనా కింద పడ్డదా అని అడిగితే, "ఏక్ బార్, థోడాసా" అన్నాడు. జర పడ్డదట! నువ్వు చెప్పినట్టే దండం పెట్టి లేచివచ్చాను. బట్ట మాత్రం ఆయన భార్యకు నచ్చి అడిగింది, ఇచ్చేశాను.

అంటే మళ్లీ మొదటికొచ్చాను. వానలు మొదలయ్యాయి, లింబాయత్ గల్లీల్లో మోకాళ్ల లోతు నీళ్లు, నా దగ్గర లెన్స్ లేదు.

సోమలింగం గారి సంగతి. తీయరాని లెన్స్ ఏం కెమెరాకు ఉంటుంది మామా? సీసీ కెమెరా పెట్టిస్తున్నాడా దుకాణానికి? ఏదైనా సరే, కళ్లు మూసుకుని దూరానిది పెట్టించుకోమను. దగ్గరిది కావాలంటే ముందు ఒక చిన్న అద్దం తగిలిస్తే చాలు, రెండొందలకు దొరుకుతుంది. దూరం అలా కాదు. లెన్స్‌లో లేని దూరాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేరు. ఇందులో ఆలోచించేది ఏముంది?

సింధు


సిరిసిల్ల
జూలై 30

సింధూ,

చిన్న ఉత్తరం. వరుసలు వంకరగా పోతే ఏమీ అనుకోకు.

సోమలింగం నువ్వు చెప్పినట్టే దూరానిది పెట్టించుకున్నాడు. బాగానే కుదిరిందట. పది రోజులు తలస్నానం వద్దన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు, అంతే.

నీ లెన్స్ గురించి బాగా ఆలోచించాను, ఈమధ్య ఊరికే కూర్చోవడమే పనైంది. మన సాంచ పన్నా, అదే వెడల్పు, చిన్నది, అడిగినవాడికి పెద్ద దుప్పటి కావాలి. అప్పుడు ఏం చేస్తాం? కొత్త సాంచ కొంటామా? రెండు పన్నాలు నేసి జోడించి కుడతాం. అంచులు బాగుంటే కుట్టు కనబడదు. నువ్వు కూడా అదే చేయి. ఆ 50 ఫిక్స్‌డ్ కొను. ఒక్క పని చేసే వస్తువు ఆ పని శుభ్రంగా చేస్తుంది, దాని మూలలు బాగుంటాయి. కెమెరాను నిలువుగా పెట్టి, ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెం తిప్పుతూ ముక్కలు ముక్కలుగా తీయి. ప్రతి ముక్కలో మూడోవంతు పక్క ముక్క మీద పడాలి. కంప్యూటర్‌లో జోడించు. మిగిలిన డబ్బుతో కదలని స్టాండు ఒకటి, బస్సు టిక్కెట్లు. నా చెల్లెను కూడా తీసుకుపో.

మార్కండేయ


డిండోలి, సూరత్
ఆగస్టు 11

మామా,

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది, కానీ ముందు కోపం రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తున్నాను. తలస్నానం దగ్గరికి వచ్చేసరికి చేతిలో చాట కింద పెట్టి, "ఏందే, మళ్ల సదువు" అంది. మళ్లీ చదివాను. నాకు నవ్వొచ్చింది, కెమెరాకు తలస్నానం ఏమిటని. అమ్మ నవ్వలేదు.

"గది కెమెర లెన్స్ కాదే పిచ్చిదానా. కండ్లల్ల ఏసే లెన్స్. పొర తీసిన్రు. కింద ఇంటి ఐలమ్మకు పొర తీసినప్పుడు గిట్లనే చెప్పలే, తలకు పోసుకోవద్దు, బరువు మోయద్దు అని?"

"అయితే సోమలింగం గారికి..."

"సోమలింగం కన్ను కోసం మా అన్న వరుసలు ఎందుకు వంకర పోతయే?"

 నువ్వు దిద్ది తిప్పి పంపిన నా ఉత్తరాలన్నీ తీసి కింద పరిచాను. పోయిన దీపావళికి వచ్చినదాంట్లో ఎర్ర గీతలు తొమ్మిది. సంక్రాంతి తర్వాత నాలుగు. ఉగాదికి ఒకటి, అదీ తప్పు లేనిచోట. ఆ తర్వాత ఏమీ లేవు. జూన్‌లో నేను "ద్రుశ్యం" అని రాశాను మామా. ఆరో తరగతిలో "దృశ్యం" అని నా చేత నూరుసార్లు రాయించింది నువ్వు. దానికి గీత లేదు. నేను పాసయ్యానని ఇల్లంతా గంతులేశాను.

నాకు ఒక్క సంగతి మింగుడు పడటం లేదు. నీ కన్ను గురించి నేను "కళ్లు మూసుకుని" అని రాశాను. "ఇందులో ఆలోచించేది ఏముంది" అని రాశాను. నువ్వు ఫోటోలు కత్తిరించేవాడివి, మొహాల మీద మచ్చలు దిద్దేవాడివి, నీ పనంతా దగ్గరిదే. నాకు తెలిస్తే అలా రాసేదాన్నా? రెండిటికీ పనికొచ్చేది వేయించేదాన్ని. నా దగ్గర పద్నాలుగు వేలు ఊరికే పడి ఉన్నాయి. అత్త కూడా ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడి ఒక్క ముక్క చెప్పలేదు.

లెన్స్ కొనను. ఇప్పుడు కొండలు ఎవరికి కావాలి? నిజం రాయి. ఎంత కనబడుతోంది?

సింధు


సిరిసిల్ల
ఆగస్టు 26

బిడ్డా,

నీ కోపం న్యాయమైనదే. అత్తను ఏమీ అనకు, చెప్పొద్దని ఒట్టు పెట్టించింది నేను.

సోమలింగం నిజంగానే ఉన్నాడు. అతని కండ్లు దివ్యంగా ఉన్నాయి, ఈగ కాలి వెంట్రుక కూడా కనబడుతుంది. అతని పేరు వాడుకున్నానని తెలిసి, పది రోజులు తనూ తలస్నానం మానేయాలా అని అడిగాడు. ఒక చాయ్‌తో రాజీపడ్డాడు.

కరీంనగర్‌లో డాక్టరమ్మ అత్త చేత కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి నన్నడిగింది, "దగ్గరి పని చేస్తవు గద, దగ్గరికి పెట్టాల్నా, దూరానికా?" అని. అత్త దగ్గరికే అంది. తిండి అక్కడి నుంచే కదా వచ్చేది. నాకు తేలలేదు. నిన్ను నేరుగా అడిగితే ఏం చేసేదానివో ఇప్పుడు నువ్వే రాశావు. ఆ పద్నాలుగు వేలు తెచ్చి నా చేతిలో పెట్టేదానివి. నేను పద్నాలుగేళ్లు అనుకుని పోలేని చోటికి నువ్వు కూడా పోకుండా ఆగిపోయేదానివి. అది నాకు ఇష్టం లేదు. ఇంకోటి, నా కన్ను అని తెలిస్తే నువ్వు భయపడుతూ చెప్పేదానివి. సోమలింగానికి భయం లేకుండా చెప్పావు. లెన్స్‌లో లేని దూరాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేరు అన్నావే, ఆ మాట అత్త చదివి సైగలతో చెబుతుంటే ఇక నేను ఎవరినీ అడగలేదు.

భయం నాకు ఉండింది. దాచను. చెవులు లింబాయత్‌లో వదిలి వచ్చాను. కండ్లు కూడా పోతే నా దగ్గరికి మనుషులు ఏ దారిన వస్తారని రాత్రుళ్లు పడుకోలేకపోయాను. నీ ఉత్తరం వస్తే కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాణ్ని, అక్షరాలు మంచులో పోయినట్టు పోయేవి. తప్పులు కనబడక కాదు, నీ అక్షరాలే కనబడక దిద్దలేదు.

ఎంత కనబడుతోంది అన్నావు. కట్టు విప్పిన పొద్దున ఆసుపత్రి ఎదురుగా మందుల దుకాణం బోర్డు చదివాను, కింద ఫోన్ నంబరుతో సహా. పదిసార్లు చదివి, ఆ నంబరు అత్తకు ఒప్పజెప్పాను. దగ్గరికి మాత్రం మసకే. నువ్వు చెప్పిన రెండొందల అద్దాలు బస్టాండు దగ్గర కొన్నాను, నిజంగానే రెండొందలు. అవి పెట్టుకునే ఇది రాస్తున్నాను, వరుసలు చూడు. ఎడమ కన్ను ఇంకా మసకే, దాని సంగతి చలికాలంలో.

ఇప్పుడు నాకు దూరం ఉంది. చూడటానికి ఏదన్నా పంపు. పరదా ఇంకా కుట్లతోనే వేలాడుతోంది.

మీ మామ
మార్కండేయ


డిండోలి, సూరత్
సెప్టెంబరు 21

మామకు,

50 ఫిక్స్‌డ్ కొన్నాను. వాడినది, ఐదు వేల ఐదొందలకు. ఈసారి కూడా గ్రే బట్ట పట్టుకుపోయాను. నాలుగు మూలల్లో పోగులు లెక్కపెట్టాను, నాలుగూ పాస్. స్టాండు మూడు వేలు. మిగిలినవి కదిలించలేదు, చలికాలానికి దాచాను. ఈ విషయంలో నాతో వాదించకు.

నాన్నకు కార్ఖానాలో సెలవు దొరకలేదు. నేనూ అమ్మా పొద్దున బస్సెక్కాం. దారిలో వఘయి ఊరు దాటాక అమ్మ కిటికీ వదల్లేదు. చివరికి, "గింత పచ్చగుంటదా? గిది ఇడిసిపెట్టి మేం పద్నాలుగేండ్లు ఏం జేసినమే?" అంది. సాంచలు నడిపారు అన్నాను. 

పైన రెండు గంటలు పొగమంచే. స్టాండు బిగించి, కెమెరాను నిలువుగా పెట్టి, కొంగు కప్పి కూర్చున్నాం. కొంగు అమ్మదే. తర్వాత ఒక్కసారిగా మబ్బు లేచింది. ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... నడుమ మబ్బు దిగితే అంతా వృథా. మొత్తం తొమ్మిది ముక్కలు. తొమ్మిదోది తీశాక మళ్లీ తెల్లగా మూసుకుపోయింది. ఇంటికొచ్చి జోడించాను. కుట్టు ఎక్కడుందో నాకే దొరకలేదు. వైడ్ లెన్స్‌తో తీసి ఉంటే కొండలు చీమలంత పడేవి. ఇందులో ఎదురుగా నిలబడినట్టు ఉన్నాయి.

ఫ్లెక్స్ మీద ఎనిమిది అడుగులకు ప్రింట్ చేయించి, పైపులో చుట్టి, సిరిసిల్ల వస్తున్న మా గల్లీ సుభాషిణి వాళ్లతో పంపుతున్నాను. గీతలు లేని ఆ జూన్ ఉత్తరం కూడా అందులోనే పెట్టాను, ఈసారి దిద్దు. నీకు మూడు షరతులు. పరదా తీసి దీన్ని కట్టాక, తలుపు దగ్గర నిలబడి చూడాలి. దగ్గరి అద్దాలు పెట్టుకోకూడదు. అత్త ఏమీ చెప్పకూడదు. అలా చూసి, కుడి కినారిలో ఏముందో నువ్వే నాకు రాయాలి. ఏముందో నేను చెప్పను. అమ్మ కూడా చెప్పదు. నువ్వు రాసేదాకా ఇద్దరికీ మనసు కుదురుగా ఉండదు.

సింధు


సిరిసిల్ల
అక్టోబరు 9

సింధూ,

నీ పైపు వచ్చింది. సోమలింగం, నేను కలిసి పాత పరదా దించాం. అత్త కుట్లన్నీ చూసి అతను నవ్వితే అత్తకు కోపం వచ్చింది, ఆ జలపాతాన్ని మడిచి బీరువాలో పెట్టుకుంది. కొత్తది కట్టేదాకా నన్ను బయట నిలబెట్టారు. తర్వాత తలుపు దగ్గరికి తెచ్చి, భుజాలు పట్టి అటు తిప్పారు.

కాసేపు ఏమీ వెతకలేదు. ఊరికే చూశాను. మబ్బు కొండను వదలబోతోంది, కింద తడి రాళ్లు, గడ్డి ఒక్కో పోచగా ఉంది. కుట్టు కోసం వెతికాను, దొరకలేదు. నేసినవాడికి దొరకలేదంటే ఇంకెవరికీ దొరకదు.

తర్వాత కుడి కినారి చూశాను. రాయి మీద బొటనవేలంత మనిషి. నీలం చీర, కొంగు తడిసి వేలాడుతోంది. చెయ్యి పైకెత్తి ఊపుతోంది. ఎడమ చెయ్యి. మా ఇంట్లో పుర్రచేయి ఒక్కరిదే. అన్నం ఆ చేత్తో తింటోందని చిన్నప్పుడు మా అమ్మ కొడితే, నేను అడ్డం పోయి దెబ్బలు తిన్నాను. బిడ్డా, అది నా చెల్లె. పద్మారాణి. మొహం కనబడేంత పెద్దది లేదు, అయినా కనబడింది. నేను తలుపు దగ్గర నిలబడే చెయ్యి ఊపాను. సోమలింగం బయటికి వెళ్లిపోయాడు. అత్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఏడవొచ్చా లేదా అని డాక్టరమ్మ చెప్పలేదు మరి.

అది కొండలను చూడకుండా ఇటు తిరిగి ఎందుకు చెయ్యి ఊపిందో అడిగి రాయి. నాకు తెలుసు, అయినా దాని నోటితో వినాలని ఉంది.

ఈ ఆదివారం ఆరుగురు వచ్చి నీ కొండల ముందు ఫోటో దిగారు. అందరినీ కొంచెం ఎడమకు జరిపి కూర్చోబెడుతున్నాను, కుడి కినారి కప్పకుండా.

దీనితో నీ నాలుగు ఉత్తరాలు, బస్టాండు అద్దాలు పెట్టుకుని దిద్దినవి పంపుతున్నాను. మొత్తం పదకొండు తప్పులు. "ద్రుశ్యం" కింద రెండు గీతలు గీశాను. నువ్వు పాసవలేదు.

ఇంకో మాట. వచ్చే నెల ఎడమ కన్ను. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. దీనికి దగ్గరి లెన్స్ పెడితే ఒక కన్ను దూరం చూస్తుంది, ఒకటి దగ్గర చూస్తుంది, అలవాటైతే అద్దాలు అక్కర్లేదు, అలవాటు కాకపోతే తలనొప్పి. లేదంటే రెండూ దూరానికే పెట్టించుకుని అద్దాలతో కాలం గడపాలి. నువ్వు దాచిన డబ్బు గురించి వాదించొద్దన్నావు, వాదించను. కానీ ఏది పెట్టించుకోవాలో చెప్పు. నిదానంగా ఆలోచించి, భయమేస్తే భయమేస్తోందని కూడా రాయి.

ఈసారి అడుగుతున్నది సోమలింగం కాదు.

మీ మామ
మార్కండేయ